బువ్వ మీదికి చెయ్యొస్తే రానివ్వండి

*ముద్ద పెడితే మింగుతాడు, ముక్క చేతికిస్తే విసిరేస్తాడు. చంటిబిడ్డలున్న ఇళ్లలో ఇదే ముచ్చట. బిడ్డ మొండితనం అనుకుంటున్న దాంట్లో పెద్దల భయం పాలెంత? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నేపథ్యంలో ఆదివారం ప్రత్యేక కథనం.*

సెప్టెంబర్‌లో పోషణ మాసం వచ్చిందంటే గద్వాల నడిగడ్డ పల్లెల్లో అంగన్‌వాడీ కేంద్రాల ముందు ముగ్గులు పడతాయి. గోడకు రంగు కాగితాలు, చాప మీద స్టీలు పళ్లాల్లో ఆకుకూరలు, గుడ్లు, పండ్లు. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఆ రోజు అన్నప్రాశన. కొత్త గౌనులో, బుగ్గన దిష్టిచుక్కతో అమ్మ ఒడిలో కూర్చున్న పాప ముందు ఆచారం ప్రకారం పుస్తకం, పెన్ను, పైసలు, పువ్వు పెడతారు. పాప కాసేపు బిత్తర చూపులు చూసి, ముందుకు వంగి, ఏదో ఒకదాన్ని గుప్పిట పడుతుంది. చుట్టూ చప్పట్లు. పుస్తకం పడితే టీచరమ్మ అవుతుందంటారు, పైసలు పడితే షావుకారు అవుతుందంటారు. ఆ వెంటనే గిన్నె వస్తుంది. మెత్తగా కలిపిన పాలన్నం చెంచాతో నోటి దగ్గరికి రాగానే పాప మళ్లీ చెయ్యి చాస్తుంది, ఈసారి గిన్నె మీదికి. ఇప్పుడు చప్పట్లుండవు. ‘ఏయ్, ఆగు’ అంటూ అవ్వ ఆ చేతిని మెల్లగా పట్టి పక్కకు నొక్కేస్తుంది. అయిదు నిమిషాల కింద భవిష్యత్తును ఎంచుకొమ్మని పిలిచిన చెయ్యే అది.

తర్వాతి మూడు నాలుగు నెలలు చాలా ఇళ్లలో ఇదే తంతు. చెయ్యి వస్తుంది, పెద్దలు పట్టుకుంటారు. తొమ్మిదో నెలలో ఎవరో ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తారు. ఎక్కడో పరాయి దేశంలో ఏడు నెలల బిడ్డ ఎత్తు కుర్చీలో కూర్చుని ఉడికిన క్యారెట్‌ను తనంతట తానే కొరుక్కు తింటుంటాడు. బ్రిటన్‌కు చెందిన గిల్ రాప్లీ పుస్తకం 2008లో వచ్చాక ఆ పద్ధతికి బాగా పేరొచ్చింది. అది చూసి ఇక్కడి తల్లి కూడా ఒక ముక్క చేతికిస్తుంది. బిడ్డ దాన్ని పిసికి, చూసి, విసిరేస్తాడు. నోట్లో పెడితే ఓకరిస్తాడు. ‘మావాడికి రాదులే’ అన్న తీర్పు ఆ పూటే వెలువడుతుంది. మళ్లీ జావ గిన్నె, బిడ్డ ముందు ఫోన్, అందులో పాట. బొమ్మ చూస్తూ నోరు తెరిచినప్పుడల్లా ఒక చెంచా లోపలికి. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అయినా ఇప్పుడు ఉగ్గు గిన్నెకు తోడు ఫోనే.

ముక్క ముట్టని పిల్లల్లో ఎక్కువమందికి లోపమేమీ ఉండదు. అలవాటు కాలేదు, అంతే. ఆ అలవాటు సులువుగా పట్టుబడే కాలం ఒకటుంది. ఆ కాలాన్ని భయంతోనో, తొందరతోనో, ప్రేమతోనో మనమే దాటబెడుతున్నాం. బిడ్డను మార్చే ముందు బిడ్డ చేతి మీద ఉన్న మన చేతిని తీయాలి.

మింగడం వచ్చు, నమలడం నేర్చుకోవాలి

పీల్చడం, మింగడం బిడ్డకు పుట్టుకతో వస్తాయి. నమలడం రాదు. ఆరో నెల ప్రాంతంలో మెడ నిలిచి, ఆసరాతో కూర్చోవడం మొదలయ్యాక చెయ్యి నోటిదాకా గురి తప్పకుండా వెళ్తుంది. మొదట పట్టు గుప్పిటంతా కలిపి ఉంటుంది. ఎనిమిది నుంచి పది నెలల మధ్య బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిసి నేల మీద పడ్డ ఒక్క మెతుకును కూడా ఏరగలుగుతాయి. ఈలోపు నోట్లోనూ ఒక మార్పు జరుగుతుంటుంది. ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడిన నాలుక పక్కలకు తిరగడం నేర్చి, ముక్కను చిగుళ్ల మధ్యకు తోస్తుంది. ‘పళ్లే రాలేదు, ఏం నములుతాడు?’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ముందొచ్చే పళ్లు కొరకడానికే తప్ప నమలడానికి కావు. నమిలే దవడ పళ్లు ఏడాది దాటాక గానీ రావు. అప్పటిదాకా ఆ పని చిగుళ్లదే. వాటి బలమెంతో పాలిచ్చే ఏ తల్లినడిగినా చెబుతుంది.

ఆరు నెలలు నిండాక తల్లిపాలు కొనసాగిస్తూనే మెత్తటి తిండి మొదలుపెట్టాలని, ఎనిమిది నెలలకల్లా చాలామంది పిల్లలు వేళ్లతో పట్టుకుని తినే ముక్కలు తినగలరని, ఏడాదికల్లా ఇంటిల్లిపాదీ తినే తిండికి రాగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. పలుకులున్న తిండిని పది నెలలు దాటేదాకా వాయిదా వేస్తే ఆ తర్వాత తిండి దగ్గర పేచీలు పెరగొచ్చని కూడా హెచ్చరిస్తుంది. దీనికి పెద్ద ఆధారం బ్రిటన్‌లోని ఏవన్ ప్రాంతంలో వేలాది పిల్లలను పుట్టుక నుంచి గమనిస్తూ చేసిన అధ్యయనం. పది నెలల తర్వాత గానీ పలుకున్న తిండి రుచి చూడని పిల్లలకు పదిహేనో నెలలో తినిపించడం కష్టమవుతోందని 2001లో తేలింది. ఆ పిల్లలే ఏడేళ్ల వయసులో పండ్లు, కూరగాయలు తక్కువ తింటున్నారని, తిండి పేచీలు ఎక్కువని 2009లో అచ్చయిన పత్రం చెప్పింది.

ఇక్కడొక అనుమానం రావాలి. ముందు నుంచే పేచీ పెట్టే బిడ్డకే తల్లి ముక్కలు ఆలస్యంగా ఇచ్చి ఉండొచ్చు కదా? అప్పుడు ఆలస్యం కారణం కాదు, ఫలితం. ఇలాంటి అధ్యయనాలతో ఆ చిక్కుముడి పూర్తిగా వీడదు, నిజమే. అయితే లెక్క రెండు వైపులా వేసి చూడండి. ఎనిమిదో నెలలో వేలితో నలిగేంత మెత్తటి ముక్క ఇచ్చి చూస్తే పోయేది ఆ ముక్క ఒక్కటే. ఏడాదిన్నర దాకా జావ మీదే ఉంచితే పోయేది చాలా ఉంది. ఆరో నెల దాటాక తల్లి కడుపులో నిల్వ చేసుకొచ్చిన ఇనుము తరిగిపోతుంది. పల్చటి జావలో నీళ్లెక్కువ, సత్తువ తక్కువ. బిడ్డ పొట్ట చిన్నది, అది నీళ్లతోనే నిండిపోతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత, అయిదేళ్లలోపు వాళ్లలో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. దేశం మొత్తమ్మీద ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది 11 శాతానికే. గుడ్డు, మాంసం, చేప, పప్పు, ఆకుకూర జావలో కరిగేవి కావు. అవి ముద్దగానో ముక్కగానో లోపలికి వెళ్లాల్సినవే. ముక్క తెలియని నోటికి వాటి దారి మూసుకుపోయినట్టే.

క్రాసింగ్ కాలంలో పసిబిడ్డ

పట్నం పిల్లల కథ వేరు, ఇక్కడి కథ వేరు. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ విత్తన పత్తికి పేరుమోసింది. వానాకాలం పంట పూతకొచ్చిందంటే వారాల తరబడి క్రాసింగ్ పనులే. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా మొగ్గలు గిల్లాలి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడిని వాటికి రుద్దాలి. పువ్వు మనకోసం ఆగదు. ఆ పనిలో ఎక్కువ ఆడవాళ్లే. బొటనవేలు, చూపుడువేలు కొసలతో రోజుకు వందల మొగ్గలు గిల్లే తల్లికి, అదే వేళ్ల పట్టు నేర్చుకుంటున్న తన బిడ్డ ముందు అరగంట కూర్చునే తీరిక ఉండదు. పోషణ మాసం, క్రాసింగ్ ఒకే కాలంలో పడటం ఒక విడ్డూరం. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగిలో పల్లి పనులు. పాలమూరు వలస తగ్గిందంటున్నా ఆగలేదు. హైదరాబాద్‌లోనో ముంబైలోనో కట్టడాల దగ్గర పని చేసే తల్లి బిడ్డను వెంట తీసుకెళ్తే ఇసుక కుప్ప పక్కన పెంచాలి, ఊళ్లో వదిలితే అవ్వ చేతిలో పెట్టాలి.

అవ్వ ఏం చేస్తుంది? కొడుకు బిడ్డ, కోడలు నమ్మి వదిలివెళ్లింది. గొంతులో ఏదన్నా ఇరుక్కుంటే మాట ఎవరికొస్తుంది? అందుకే తైదల జావ, పాలల్లో నానేసిన బిస్కెట్టు, కాళ్ల మీద పడుకోబెట్టుకుని గబగబా నాలుగు చెంచాలు. బిడ్డ ఏడవదు, పని అయిపోతుంది, సాయంత్రం కోడలు రాగానే ‘కడుపునిండా తిన్నది’ అని చెప్పొచ్చు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేసే సలహాదారులు ఒక్కపూట ఆ అరుగు మీద కూర్చుని చూడాలి. అవ్వది లెక్క తెలిసిన జాగ్రత్తే. ఆ లెక్కలో రేపటి నష్టం కనిపించదు, అంతే. కాబట్టి సలహా ఏదైనా తల్లికి మాత్రమే చెబితే చాలదు. పగలంతా బిడ్డ ఎవరి దగ్గరుంటే వాళ్లకు, వాళ్ల భయానికి జవాబుగా చెప్పాలి.

గొంతుకు అడ్డం పడితే?

అన్ని భయాల్లోకి పెద్దది ఇదే, కొట్టిపారేయదగ్గది కానే కాదు. ముందుగా రెండింటిని వేరు చేసి చూడటం నేర్చుకోవాలి. ఓకరింత వేరు, ఊపిరాడకపోవడం వేరు. పెద్దవాళ్లకు నాలుక వెనక ఎక్కడో తాకితే వచ్చే ఓకరింత, పసిపిల్లలకు నాలుక ముందు వైపు తాకినా వస్తుంది. ముక్క వెనక్కు జారకముందే బయటికి తోసే కాపలా అది. ముఖం ఎర్రబడుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి, దగ్గు, చప్పుడు ఉంటాయి. రెండు క్షణాల్లో ముక్క బయటికొస్తుంది, బిడ్డ మళ్లీ చెయ్యి చాస్తాడు. ముక్కలు అలవాటయ్యేకొద్దీ ఆ కాపలా వెనక్కు జరుగుతుంది. మనం చేసేదేమిటంటే తొలి ఓకరింతకే కెవ్వున అరిచి, బిడ్డ నోట్లో వేలు పెట్టి కెలికి, వీపు మీద చరిచి, పళ్లెం తీసేస్తాం. బిడ్డకు అర్థమయ్యేది ముక్క అంటే గండమని. మర్నాడు ముక్క చూడగానే మూతి బిగించే బిడ్డల్లో కొందరికి ఆ పాఠం నేర్పింది మనమే.

అసలు ప్రమాదం సంగతి? న్యూజిలాండ్‌లో 206 మంది పసిపిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు చెంచాతో, రెండో జట్టుకు జాగ్రత్తలు నేర్పి చేత్తో తినిపించిన పరిశీలన 2016లో అచ్చయింది. గొంతుకు అడ్డం పడిన సందర్భాల్లో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఒక్క వాక్యం చెప్పి ఊరుకునేవాళ్లు చాలామంది. రెండో వాక్యమూ చెప్పాలి: ఆరు, ఎనిమిది నెలల మధ్య మొత్తం పిల్లల్లో 35 శాతం మందికి కనీసం ఒకసారైనా అలా జరిగింది. రెండు జట్లలోనూ చాలామందికి ప్రమాదకరమైన తిండి అందింది. అంటే చెంచా కాపాడదు, చెయ్యి చంపదు. ఏది ఇచ్చాం, ఎలా కోసి ఇచ్చాం, ఎదుట ఎవరున్నారు అన్నవే తేల్చేవి. పడుకోబెట్టి జావ పోయడం, ఏడుస్తున్న నోట్లో ముద్ద కుక్కడం, పాకే బిడ్డ చేతికి ముక్క ఇచ్చి వెళ్లిపోవడం ఈ మూడూ ముక్క కంటే ప్రమాదం.

> ఊపిరాడకపోతే...
>
> చప్పుడు లేకుండా నోరు తెరిచి గిలగిల్లాడటం, ఏడుపు గానీ దగ్గు గానీ రాకపోవడం, పెదాలు నీలంగా మారడం అసలైన గుర్తులు. దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గు రాకపోతే ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికుండేలా పట్టుకుని, రెక్కల మధ్య అరచేతి మడమతో 5 సార్లు చరవాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. వచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. కనిపించని ముక్క కోసం వేలు పెట్టి కెలకొద్దు, లోపలికి పోతుంది. పక్కవాళ్లతో వెంటనే 108కి ఫోన్ చేయించాలి. బిడ్డను చూసే అవ్వకు, తాతకు కూడా ఇది నేర్పి ఉంచాలి.

కడుపు నిండుతుందా?

రెండో అభ్యంతరం గొంతుకు అడ్డం పడుతుందన్న భయమంత పెద్దది కాదు గానీ దానికంటే మొండిది. చేత్తో తింటే సగం నేలపాలు, సగం ఒంటిపాలు, కడుపులోకి పోయేదెంత? నిజమే, మొదటి నెల పోయేది చాలా తక్కువ. పోవాల్సింది మాత్రం ఎంత? తల్లిపాలు బాగా తాగే బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పైతిండి ద్వారా కావాల్సిన శక్తి రోజుకు సుమారు 200 కిలోకేలరీలు. తొమ్మిది, పదకొండు నెలల మధ్య 300. ఏడాది దాటాకే అది 550కి చేరుతుంది. పూటకు రెండు మూడు చెంచాలతో మొదలై అరకప్పుకు చేరితే చాలు. పెద్ద గిన్నెడు ఖాళీ కావాలన్న ఆశే బలవంతానికి మూలం. పైగా ముక్క ఇవ్వమంటే ముద్ద మానేయమని కాదు. గోరుముద్దలు మన ఇళ్లలో తరాల నుంచి ఉన్న సొగసు, దాన్ని వదులుకోనక్కర్లేదు. పప్పన్నం ముద్ద అమ్మ చేత్తో పెడుతుంటే, పళ్లెంలో రెండు ముక్కలు బిడ్డ చేతికి అందేలా ఉంటే రెండూ సాగుతాయి. చెంచా ముట్టొద్దనే పరాయి పద్ధతి పట్టుదల మనకు అవసరం లేదు. రక్తహీనత ఇంతగా ఉన్నచోట అది మంచిది కూడా కాదు.

బిడ్డ మాట వింటూ తినిపిస్తే బిడ్డ తక్కువ తింటుందా అన్నదానికి ఆధారం మన గడ్డ మీదే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 పల్లెల్లో 600 మంది తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒక జట్టు పల్లెల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో జట్టులో ఏం పెట్టాలో ఇంటికెళ్లి చెప్పారు. మూడో జట్టులో ఏం పెట్టాలో చెబుతూనే ఎలా పెట్టాలో కూడా నేర్పారు: బిడ్డ సైగలు గమనించడం, బలవంతం మానడం, మాటలు, ఆటలు. పదిహేనో నెల వచ్చేసరికి రెండు, మూడు జట్ల పిల్లలు తినే తిండి మెరుగుపడింది. బుద్ధి వికాసం పరీక్షలో ముందున్నది మూడో జట్టు. ఎత్తు విషయంలో మాత్రం అది రెండో జట్టును మించలేదు. అద్భుతమేమీ జరగలేదు, కానీ బలవంతం మానితే పస్తులుంటారన్న భయం నిలబడలేదు.

మురికి సంగతి మిగిలింది. పాకే బిడ్డ చెయ్యి మట్టిలో, మేకల కొట్టం పక్కన తిరిగి నేరుగా నోట్లోకి వెళ్తే విరేచనాలు ఖాయం. చెయ్యి తినకుండా ఆపడం దీనికి మందు కాదు. మనం మన చేతులు కడుక్కున్నట్టే బిడ్డ రెండు చేతులూ సబ్బుతో కడగాలి. చాప పరిచి, కడిగిన పళ్లెంలో ఒకటి రెండు ముక్కలే పెట్టాలి. అన్నీ ఒకేసారి పెడితేనే అన్నీ విసురుతారు. తిండి పారేస్తే పాపమనే ఇళ్లలో ఇదొక్కటి పాటించినా సగం గొడవ తగ్గుతుంది.

మూతి బిగించే బిడ్డకు ఏం చేయాలి?

ముందుగా వేళ చూసుకోవాలి. పాలు తాగి అరగంట కాలేదు, ముక్క చూపిస్తే ఏ బిడ్డ తింటాడు? సీసాతో పాలు రోజంతా పట్టే బిడ్డకు ఆకలన్నదే తెలియదు. నిద్ర లేచి, కాస్త ఆడి, ఆకలి మొదలైన వేళ సరైనది. నిటారుగా కూర్చోబెట్టాలి. ఒడిలోనో, మూలన దిండ్ల ఆసరాతోనో, ఎలాగైనా సరే, వెనక్కు వాలకూడదు. ఎత్తు కుర్చీ కొనక్కర్లేదు. తర్వాత బిడ్డ ఎదురుగా మనమూ అదే తినాలి. నమలడం చూసి నేర్చుకునే పని. ఒంటరిగా గిన్నె ముందు కూర్చోబెట్టిన బిడ్డకు దవడ ఎలా ఆడించాలో చూపేదెవరు?

తొలి వారం ఏదీ నోట్లోకి పోనక్కర్లేదు. పట్టుకోవడం, పిసకడం, వాసన చూడటం, నాకడం, ఉమ్మడం అన్నీ తినడంలో భాగమే. కొందరు పిల్లలకు జిగటంటే చేతికి గిట్టదు. అరటిపండు ముక్క జారిపోతుందని ఏడుస్తారు. వాళ్లకు ఇడ్లీ ముక్క లాంటి పొడి తిండితో మొదలుపెట్టొచ్చు, లేదా జారే ముక్కను కాస్త పుట్నాల పొడిలో దొర్లించొచ్చు. చెంచా మాత్రమే నమ్మే బిడ్డకు రెండో చెంచా చేతికివ్వాలి. దాన్ని గిన్నెలో ముంచి నాకడం నుంచి ముక్కను ముంచి నాకడానికి దూరం ఎక్కువ కాదు. జావ రోజురోజుకూ కాస్త చిక్కబడాలి, తర్వాత పలుకు తగలాలి, తర్వాత ముక్క. నునుపు జావ నుంచి ఒకేసారి రొట్టెకు దూకితే ఓకరింత తప్పదు.

అన్నిటికంటే ముఖ్యం మళ్లీ ఇవ్వడం. అమెరికాలో లీన్ బర్చ్ బృందం 1994లో అచ్చేసిన ప్రయోగంలో, పసిపిల్లలకు ఒకే కూరగాయను పది రోజులు పెడితే తినే మోతాదు బాగా పెరిగింది. మన ఇళ్లలో రెండో రోజుకే ‘దీనికి గుమ్మడికాయ పడదు’ అని రాసిపెట్టేస్తాం. వద్దన్న ముక్కను మారు మాట లేకుండా తీసేసి, రెండు రోజులాగి మళ్లీ పళ్లెంలో పెట్టాలి. పొగడ్తా వద్దు, బతిమాలుడూ వద్దు, ‘బూచోడొస్తాడు’ అసలే వద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఏం పెట్టాలో పెద్దల ఇష్టం, ఎంత తినాలో బిడ్డ ఇష్టం. క్రాసింగ్ కాలంలో మూడు పూటలా ఇది కుదరదు. ఒక్క రాత్రి పూట ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు కుదిరినా చాలు.

> ఈ నేల మీది ముక్కలు
>
> పరీక్ష ఒక్కటే: బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే నలగాలి. ఎనిమిదో నెల లోపు పెద్దవాళ్ల వేలంత పొడుగు ముక్క, వేళ్ల కొసలతో పట్టడం వచ్చాక శనగగింజంత మెత్తటి ముక్క.
>
> ఇవ్వొచ్చు: ఉడికిన గెనుసుగడ్డ, గుమ్మడి, క్యారెట్; మగ్గిన బొప్పాయి, అరటి; కాలంలో కొల్లాపూర్ మామిడి చీలిక; ఇడ్లీ; ఉడికిన గుడ్డు చీలిక; పప్పుకట్టులో నానిన వేడి జొన్నరొట్టె తునక; జూరాల చేప అయితే ముల్లు ఒక్కటీ లేకుండా వేళ్లతో చిదిపి చూశాక; మెత్తగా ఉడికిన కాలేజం. ఇంటి కూరలోంచే ఉప్పు, కారం వేయకముందు నాలుగు ముక్కలు తీసి పెట్టుకుంటే వేరే వంట అక్కర్లేదు.
>
> వద్దు: పల్లి గింజలు, పుట్నాలు, జొన్న పేలాలు, పచ్చి క్యారెట్, పచ్చి జామ, గింజ తీయని సీతాఫలం, రేగుపండు, గుండ్రటి ద్రాక్ష (నిలువునా నాలుగుగా చీలిస్తే సరే), చాక్లెట్ బిళ్లలు. నల్లమల తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాదిలోపు చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల నరాలను దెబ్బతీయగలదు.

బిస్కెట్టుకు లేని భయం

ముక్క ఇస్తే అడ్డం పడుతుందని వణికే ఇళ్లలోనే బిడ్డ చేతిలో బిస్కెట్టు కనిపిస్తుంది. కిరాణా కొట్టు నుంచి వచ్చిన అయిదు రూపాయల కారం ప్యాకెట్ కూడా. అంటే చేత్తో తినే తిండి మన పిల్లలకు ఎప్పుడో మొదలైంది, అది తిండి కాకపోవడమే చిక్కు. కూర ముక్క విసిరేసిన బిడ్డ బిస్కెట్టు విసరడం లేదంటే చేతికీ నోటికీ ఏ లోపమూ లేదన్నమాట. తీపికి, ఉప్పుకు నాలుక అలవాటు పడింది. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు గత శతాబ్దం ఇరవైలలో మొదలుపెట్టిన ప్రయోగంలో అప్పుడే పాలు మాన్పించిన పిల్లల ముందు రకరకాల తిండి పళ్లెంలో పెట్టి, వాళ్లు చెయ్యి చాచిందే తిననిచ్చింది. నర్సు పక్కన కూర్చునేది, నోరు తెరిస్తేనే పెట్టేది, ఇది తిను అనేది కాదు. 15 మంది పిల్లలు, 34 రకాలు. ఒక్కో పూట వాళ్ల ఎంపిక విచిత్రంగా ఉండేది. మొత్తమ్మీద అందరూ ఆరోగ్యంగా పెరిగారు. ‘పిల్లల ఒంటికి అన్నీ తెలుసు’ అని దీన్ని చెప్పుకునేవాళ్లు అసలు మాట మరిచిపోతారు. ఆ 34 రకాల్లో చక్కెర లేదు, బిస్కెట్టు లేదు. గుట్టంతా ఆ జాబితాలోనే ఉందని 1939లో ఆమే చెప్పింది. చేతికి స్వేచ్ఛ ఇవ్వాలంటే పళ్లెంలో ఏముందో పెద్దలు కాపలా కాయాలి.

> పల్లి, లండన్, మన యాసంగి
>
> పిల్లలకు పల్లి పడదన్న భయంతో పడమటి దేశాల్లో ఏళ్ల తరబడి దాన్ని దూరం పెట్టారు. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు పల్లితో చేసిన ‘బాంబా’ అనే గుల్ల చిరుతిండిని చేత్తో తింటారు. అక్కడ పల్లి అలర్జీ తక్కువని గమనించిన లండన్ శాస్త్రవేత్త గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లలతో ప్రయోగం చేసి 2015లో ఫలితం చెప్పింది: చిన్నప్పటి నుంచే పల్లి తిన్నవాళ్లలో అయిదేళ్లకు అలర్జీ సుమారు 80 శాతం తగ్గింది. పల్లి పండే వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లకు ఇది పనికొచ్చే కబురు. గింజగా కాదు, మెత్తగా నూరి ముద్దలోనో, రొట్టె తునకకు పల్చగా పూసో ఇవ్వాలి. బూజు వాసన ఉన్న పల్లి ముట్టొద్దు. ఒంటి నిండా తామర గానీ, గుడ్డు పడకపోవడం గానీ ఉన్న బిడ్డకైతే ముందు డాక్టర్‌ను అడగాలి.

గుడ్డు ఇంటికొస్తోంది, పాఠం రావట్లేదు

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనలేం. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తున్నారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిసిన బాలామృతం కలుపుకోవడానికి సులువు, అందుకే అది జావగానే నిలిచిపోతుంది. దాన్నే చిక్కగా కలిపి ముద్ద చేసి చేతికివ్వొచ్చని చూపించే పని జరగాలి. తీపి ఉన్నది కాబట్టి అదొక్కటే తిండి కాకూడదు కూడా. గుడ్డు సంగతి మరీ విచిత్రం. ‘చిన్నదానికి అరగదు’ అంటూ అది అక్క పళ్లెంలోకో అన్న పళ్లెంలోకో వెళ్లిపోతుంది. బిడ్డ పేరు మీద వచ్చిన గుడ్డును బిడ్డే తన వేళ్లతో తినడం నేర్పకపోతే ఆ 16 గుడ్లూ రిజిస్టర్‌లో అంకెలే. అన్నప్రాశనను ఊరంతా పిలిచి చేస్తున్నారు, బాగుంది. ఎనిమిదో నెల నిండిన పిల్లలను అవ్వలతో సహా మళ్లీ ఒకసారి పిలిచి, చాప మీద కూర్చోబెట్టి, ఓకరింతకూ ఊపిరాడకపోవడానికీ తేడా చూపించి, పళ్లెంలో ముక్కలు పెట్టించే రోజు కూడా ఒకటి పెట్టాలి. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. విత్తన పత్తి పల్లెల్లో మాత్రం అది పొద్దుగూకాక పెట్టుకోవాలి.

అలవాటుతో తీరని ఇబ్బందులూ కొన్ని ఉంటాయి. తొమ్మిది నెలలకూ కూర్చోలేని బిడ్డ, ఏ వస్తువునూ నోటిదాకా తీసుకెళ్లని బిడ్డ, మెత్తటి ముద్దకు కూడా ప్రతిసారీ పొలమారే బిడ్డ, బరువు పెరగని బిడ్డ, ఏడాది నిండినా పలుకు తగిలితే వాంతి చేసుకునే బిడ్డ ఉంటే ‘నెమ్మదిగా వస్తుందిలే’ అని కూర్చోవద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఎంత ముందు పుట్టిందో అన్ని వారాలు తీసేసి వయసు లెక్కేయాలి. అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి చూపిస్తే జిల్లా ఆసుపత్రికి పంపుతారు. మిగతా పిల్లలకు ఆకలి టానిక్కులు, తాయెత్తులు అక్కర్లేదు. ఈసారి అంగన్‌వాడీ గుడ్డు ఇంటికొచ్చిన రోజున బాగా ఉడికించి, నిలువుగా చీల్చి, పచ్చసొనను కాసిన్ని పాలతో తడిపి, రెండు చీలికలు చిన్నదాని పళ్లెంలో పెట్టండి. ఎదురుగా కూర్చోండి. విసిరేస్తే ఎల్లుండి మళ్లీ పెట్టండి.